ఊళ్లో కాఫీ కొట్లు తిరిగి పోల్చి చూడడం: తరచుగా అడిగే ప్రశ్నలు (ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు)

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్, సునాబేడ. ఈ ఊళ్లలో ఉంటున్నవారికీ, పనిమీద వచ్చి రెండు మూడు రోజులు ఉండేవారికీ కాఫీ గురించి వచ్చే సందేహాలకు ఇవి జవాబులు. ఏ కొట్టు గొప్పదో ఇక్కడ చెప్పడం లేదు. అది మీరే తేల్చుకునే పద్ధతి మాత్రం ఉంది.

ఏ కొట్టును ఏ కొట్టుతో పోల్చాలి?

ఒకే జాతివాటినే పోల్చాలి. మన వైపు కాఫీ నాలుగు రకాల చోట్ల దొరుకుతుంది. ఒకటి టీ బండి: మరిగే పాలలో ఇన్‌స్టంట్ పొడి, పంచదార వేసి ఎత్తి పోస్తారు. జనం దాన్ని ‘బ్రూ కాఫీ’ అనే అంటారు, పొడి ఏ కంపెనీదైనా సరే. రెండోది టిఫిన్ హోటలు: డికాక్షన్ దించి, అడిగినప్పుడు పాలు కలుపుతారు. మూడోది బేకరీలోనో బస్టాండు దగ్గరో ఉండే బటన్ మిషను: పాలపొడి, పంచదార, కాఫీ ముందే కలిసిన ప్రీమిక్స్‌ను వేడినీళ్లతో చిలుకుతుంది. నాలుగోది ఈమధ్య వచ్చిన కెఫే: ఎస్‌ప్రెసో మిషను, గ్రైండరు ఉంటాయి, గోడమీద కొండల ఫొటో కూడా తప్పకుండా ఉంటుంది.

టీ బండి కాఫీని కెఫే కాపుచినోతో పోల్చి ‘ఇది పలచగా ఉంది’ అనడం ఇడ్లీని పూరీతో పోల్చడం లాంటిది. ముందు జాతి గుర్తుపట్టి, ఆ తరవాత ఆ జాతిలో ఏది బాగుందో చూడండి.

పెళ్లిళ్లలో ఇచ్చే ‘ఎక్స్‌ప్రెస్సో’, కెఫేలో ఇచ్చే ఎస్‌ప్రెసో ఒకటేనా?

కాదు. పెళ్లిళ్లలో పెద్ద బాయిలరున్న మిషను పెడతారు చూశారా, దాన్నుంచి వచ్చేది ఆవిరి మాత్రమే. జగ్గులో పాలు, పంచదార, ఇన్‌స్టంట్ పొడి వేసి ఆ గొట్టం ముంచితే పాలు కాగి నురగ కడతాయి, పైన కాస్త కోకో పొడి చల్లుతారు. అసలు ఎస్‌ప్రెసోలో మెత్తగా విసిరిన పొడి గుండా సుమారు 9 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్ల) ఒత్తిడితో వేడినీరు వెళ్తుంది. కొన్ని కొట్లలో బోర్డుమీద ‘ఎక్స్‌ప్రెస్సో’ అని ఉండి లోపల ఆవిరి మిషను ఉంటుంది. అది మోసమేమీ కాదు, ఆ పానీయానికి మన దేశంలో ఆ పేరు స్థిరపడిపోయింది. పక్కన గ్రైండరు ఉందో లేదో చూస్తే తేలిపోతుంది.

ఫిల్టరా, ఇన్‌స్టంటా అని అడక్కుండా ఎలా తెలుస్తుంది?

కలిపే చెయ్యి చూడండి. చెంచాతో పొడి గ్లాసులో పడితే ఇన్‌స్టంట్. చిన్న గిన్నెలోంచో మూత ఉన్న ఇత్తడి పాత్రలోంచో నల్లటి ద్రవం ముందు పోసి, దానిమీద పాలు పోస్తే డికాక్షన్. వంటగది కనబడకపోతే గ్లాసు అడుగు చూడండి. డికాక్షన్ కాఫీలో చివరి గుక్కలో సన్నటి నలుసు తగులుతుంది, ఇన్‌స్టంట్ పూర్తిగా కరిగిపోతుంది. ప్రీమిక్స్ అయితే నురగ తెల్లగా, సబ్బు నురగలా చాలాసేపు నిలబడుతుంది, పంచదార వద్దన్నా తీపి పోదు. కొన్ని హోటళ్లలో పొద్దున డికాక్షన్, అది అయిపోయాక ఇన్‌స్టంట్. అందుకే వేళ కూడా రాసుకోవాలి.

ఏ వేళకి వెళ్లాలి?

టిఫిన్ హోటలుకి రెండు సార్లు వెళ్లాలి: పొద్దున 7 గంటల ప్రాంతంలో ఒకసారి, సాయంత్రం 5 తరవాత ఒకసారి. పొద్దుటి కాఫీ ఎక్కడైనా ఫరవాలేదనిపిస్తుంది. డికాక్షన్ తాజాది, పాలు అప్పుడే కాచినవి, గిరాకీ ఎక్కువ కాబట్టి ఏదీ నిలవ ఉండదు. కొట్టు సంగతి బయటపడేది సాయంత్రమే.

డికాక్షన్‌ను పొయ్యి పక్కనో వేడినీళ్లలోనో గంటలు గంటలు ఉంచితే అందులోని క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. అప్పుడు చేదుతో పాటు నాలుక చివర గీరినట్టుండే పులుపు వస్తుంది. జాగ్రత్త ఉన్న చోట తక్కువ తక్కువగా, రోజుకు మూడు నాలుగు సార్లు దించుతారు. లేని చోట పొద్దుటి పొడిమీదే మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తారు. రెండో డికాక్షన్ దాకా సరే, దాన్ని మొదటిదానితో కలిపి వాడడం ఇళ్లలోనూ ఉన్నదే. మూడోది రంగునీళ్లే. దాని లోటు కప్పడానికి పంచదార ఇంకో చెంచా పడుతుంది.

వాయి వాయికీ రుచి మారే కొట్టుకంటే, రెండు పూటలా ఒకేలా ఉండే మామూలు కొట్టే నయమని మా లెక్క.

ఏం చెప్పాలి? రకరకాలుగా తాగాలా?

వద్దు. అన్ని చోట్లా ఒకటే చెప్పండి. టిఫిన్ హోటల్లో: ఫిల్టరు కాఫీ, పంచదార విడిగా, స్టీలు గ్లాసులో. టీ బండిమీద: మామూలు కాఫీ, పంచదార తక్కువ. కెఫేలో: మొదట ఒక ఎస్‌ప్రెసో, తరవాత కాపుచినో. ఎస్‌ప్రెసో మీకు నచ్చకపోయినా రెండు గుక్కలు తాగి చూడండి. పాలలో దాగిపోయే తప్పులు అందులో దాగవు.

పంచదార విడిగా అడగడం మాత్రం మరిచిపోవద్దు. మొదటి రెండు గుక్కలు తీపి లేకుండా, తరవాత మీ అలవాటు ప్రకారం. కాగితం కప్పుకు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, వేడి తగిలితే దానికో వాసన. కాబట్టి పోల్చేటప్పుడు గాజుగ్లాసో స్టీలుగ్లాసో అడగండి.

తెచ్చిన వెంటనే తాగకండి. మరీ వేడిగా ఉంటే నాలుకకు వేడి తప్ప ఏమీ తెలియదు. మూడు నాలుగు నిమిషాలు ఆగి, వేలు కాలకుండా గ్లాసు పట్టుకోగలిగినప్పుడు మొదటి గుక్క. పూర్తిగా చల్లారాక ఇంకో గుక్క. మంచి కాఫీ చల్లారినా తాగేలా ఉంటుంది, మాడినది చల్లారితే నోట్లో పెట్టలేం.

రుచిలో తేడా ఉంటే తప్పు ఎక్కడ జరిగినట్టు?

బొగ్గు వాసన, నాలుక వెనక నిలిచిపోయే చేదు: గింజ మరీ నల్లగా వేగింది, లేదా డికాక్షన్‌ను నేరుగా పొయ్యిమీద మరగనిచ్చారు. డికాక్షన్‌ను ఎప్పుడూ మరగనివ్వకూడదు, వెచ్చబెట్టాలంటే గిన్నెను వేడినీళ్లలో నిలపాలి.

నీళ్ల కాఫీ, రంగు మాత్రం చిక్కన: చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి) ఎక్కువ, కాఫీ తక్కువ. చికోరీ రంగునూ బరువునూ ఇస్తుంది, కాఫీ సువాసన ఇవ్వదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన బెల్లం లాంటి వాసన వస్తుంది.

రంగూ లేదు, రుచీ లేదు: పొడి మరీ బరకగా ఉంది. నీళ్లు చుక్కచుక్కగా దిగాల్సింది ధారగా జారిపోయాయి. ఇంటి ఫిల్టరులో 20 గ్రాముల పొడికి 100 నుంచి 120 మి.లీ. వేడినీళ్లు పోస్తే దిగడానికి 15, 20 నిమిషాలు పట్టాలి. ఐదు నిమిషాల్లో దిగిందంటే పొడి బరకైనా అయ్యుండాలి, పైన అదిమే బిళ్ల సరిగా నొక్కకపోయైనా ఉండాలి.

అడుగంటిన వాసన: తప్పు కాఫీది కాదు, పాలది. పొద్దున్నుంచి ఒకే గిన్నెలో పాలమీద పాలు పోసి మరిగిస్తుంటే అడుగున పట్టిన పొర మాడి, ఆ వాసన గిన్నె అంతా పాకుతుంది.

సన్నటి తెల్ల పలుకులు తేలడం: పాలు విరిగే దశలో ఉన్నాయి, పులిసిన డికాక్షన్ తగలగానే తేలిపోయింది. ఆ గ్లాసు వెనక్కి ఇచ్చెయ్యండి, మొహమాటం వద్దు.

పలచగా, నోట్లో నిలవకుండా ఉండడం: పాలలో కొవ్వు తక్కువ. ప్యాకెట్ పాలలో టోన్డ్‌లో 3 శాతం, స్టాండర్డ్‌లో 4.5 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం కొవ్వుండాలని నిబంధన. టోన్డ్ పాలు పోసి, నీళ్లు కలిపి, దాన్ని చిక్కన చెయ్యమంటే ఎవరి తరమూ కాదు. ఏ ప్యాకెట్ వాడుతున్నారో కౌంటరు కింది ట్రేలో కనిపిస్తూనే ఉంటుంది.

చికోరీ కలపడం కల్తీయా?

కాదు, చెప్పి కలిపితే. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంత శాతమో ప్యాకెట్‌మీద రాయాలి. దక్షిణాదిలో ఎక్కువగా నడిచేవి 80:20, 70:30, 60:40. పాలు ఎక్కువ పోసే హోటలు కాఫీకి కొంత చికోరీ ఉంటేనే పాల కింద కాఫీ నలిగిపోకుండా నిలుస్తుంది. చికోరీ లేని కాఫీ ఒక్కటే గొప్పదనుకోవడం ఈమధ్య మొదలైన ఫ్యాషను. 80:20 పొడిని శ్రద్ధగా దించిన హోటలు, నూరు శాతం కాఫీని మాడ్చే కెఫే కంటే మేలు.

పొడి కొన్నాక అనుమానముంటే గ్లాసుడు చన్నీళ్లమీద చెంచాడు చల్లండి. కాఫీ పొడి కాసేపు తేలుతుంది, చికోరీ రంగు గీతలు వదులుతూ వెంటనే మునుగుతుంది. ఎంత శాతమో ఇది చెప్పదు, ఉందా లేదా అన్నదే చెబుతుంది.

‘కోరాపుట్ కాఫీ’ అని బోర్డు పెడుతున్నారు. నిజంగా ఇక్కడిదేనా, ఏం అడగాలి?

కోరాపుట్ కొండల్లో కాఫీ పండుతుంది, అది కొత్త సంగతి కాదు. 1930లో జయపురం రాజావారి హయాంలో తోటలు మొదలయ్యాయి. 1958 నుంచి మాచ్‌ఖండ్ జలాశయంలోకి ఒండ్రు కొట్టుకురాకుండా నేల సంరక్షణ శాఖ కొండవాలుల్లో కాఫీ నాటించింది. ఒడిశా గిరిజన సహకార సంస్థ టీడీసీసీ 2019లో ‘కోరాపుట్ కాఫీ’ పేరుతో పొడి అమ్మడం మొదలుపెట్టింది. అదే ఏడాది అరకు వ్యాలీ అరబికాకు (అరబికా, రొబస్టా అనేవి కాఫీ మొక్కలో రెండు రకాలు) భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ గుర్తింపు వివరణలో విశాఖ కొండలతో పాటు ఒడిశా ప్రాంతం కూడా ఉంది, ఎత్తు 900 నుంచి 1100 మీటర్లు. కాబట్టి కొండకు ఇవతలిదా అవతలిదా అని కొట్టుకోవాల్సిన అవసరం లేదు, తూర్పు కనుమల అరబికా అన్నది అసలు మాట.

బోర్డు నిజమో కాదో తెలియాలంటే మూడు ప్రశ్నలు చాలు. అరబికానా, రొబస్టానా? వేయించిన తేదీ ఏది? గింజగా వస్తుందా, పొడిగా వస్తుందా? కోరాపుట్‌ది ప్రధానంగా అరబికా. ‘మా దగ్గర కోరాపుట్ రొబస్టా’ అన్నారంటే ఇంకో రెండు ప్రశ్నలు వేయండి. వేయించిన తేదీకి బదులు ‘గడువు ఇంకా ఏడాది ఉంది’ అంటే, వాళ్లకు ప్యాకెట్ తెలుసు, కాఫీ తెలియదు.

అరబికా కోత మన వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పండు ఒలిచి, ఎండబెట్టి, మిల్లుకెళ్లి, వేగి వచ్చేసరికి వేసవి. జనవరిలో ‘ఈ ఏటి కొత్త పంట’ అని అమ్మితే తొందరపడి నమ్మకండి.

మిషను ఉన్న కెఫేలో ఏం గమనించాలి?

కూర్చునే ముందు కౌంటరు దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. పొడి అప్పటికప్పుడు విసురుతున్నారా, పొద్దున విసిరి డబ్బాలో పెట్టిందా? విసిరిన పొడి సువాసన పావుగంట, అరగంటలోనే చాలావరకు ఎగిరిపోతుంది. పొడిని తూచి వేస్తున్నారా? మామూలు డబుల్ కొలత 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. ఫోనులో సెకన్లు లెక్కపెట్టుకోండి. 12 సెకన్లలో గ్లాసు నిండితే పుల్లగా, పలచగా ఉంటుంది, పొడి బరకైపోయింది. 45 సెకన్లు దాటి చుక్కలుగా రాలుతుంటే చేదెక్కుతుంది.

వానాకాలంలో ఇది తరచు జరుగుతుంది. గాలిలో చెమ్మ మారితే గ్రైండరు మరలను ఆ పూటకి మళ్లీ సరిచెయ్యాలి. జూన్‌లో పెట్టిన కొలతతో ఆగస్టులో కూడా నడిపితే ఎంత మంచి గింజైనా తేలిపోతుంది.

పాల విషయంలో ఆవిరి గొట్టం చూడండి. వాడిన వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. గొట్టంమీద పాలు ఎండి పసుపుపచ్చగా అట్టకట్టి ఉంటే ఇంక అక్కడ కాఫీ చెప్పకండి. పాలు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆపితే పాలకున్న తీపి తెలుస్తుంది, 70 దాటితే ఉడికిన వాసన. ఇక్కడో చిక్కుంది: మనవాళ్లకు కాఫీ అంటే పొగలు కక్కాలి. ‘చల్లగా ఉంది’ అని నలుగురు తిట్టాక కుర్రాడు పాలు మరగబెట్టడం మొదలుపెడతాడు. తప్పు సగం మనదే.

కరెంటు పోయి వచ్చిన వెంటనే కూడా చెప్పకండి. బాయిలరు పూర్తిగా వేడెక్కడానికి చాలా మిషన్లకు 20 నుంచి 30 నిమిషాలు కావాలి. లైటు ముందే వెలిగినా లోపలి లోహం ఇంకా చల్లగానే ఉంటుంది.

కొండమీద నీళ్లు తొందరగా మరుగుతాయి కదా, కాఫీ పాడవదా?

కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి 870 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. కాఫీకి కావలసింది 92 నుంచి 96 కాబట్టి ఇబ్బంది లేదు. బరంపురంలో మరిగిన నీళ్లను అర నిమిషం ఆపి పోయాలి, కోరాపుట్‌లో దించి పోసెయ్యవచ్చు.

ఒడియా రాదు. ఎలా అడగాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలో చాలా కొట్లలో తెలుగు నడుస్తుంది. జయపురం దాటి లోపలికి వెళ్తే ఈ నాలుగు ముక్కలు చాలు. ‘గోటే కాఫీ’ అంటే ఒక కాఫీ. ‘చిని కమ్’ పంచదార తక్కువ, ‘చిని అలగా’ పంచదార విడిగా. ‘కేతే హెలా?’ ఎంతయింది? పెద్దవయసు యజమానిని ‘మావుసా’ అంటే పని తొందరగా అవుతుంది, ఈడువాడైతే ‘భాయి’.

ఒక్క మాట దగ్గర జాగ్రత్త. ఒడియాలో ‘ఖీర’ అంటే పాలు. ‘ఖీర బేసి’ అంటే పాలు ఎక్కువ వెయ్యమని. పాయసాన్ని వాళ్లు ‘ఖీరి’ అంటారు. కాఫీలో ఖీర వద్దన్నారంటే బ్లాక్ కాఫీ వస్తుంది.

కాఫీకి ముందు ఏం తినాలి, ఏం తినకూడదు?

బరా-ఘుగ్ని (గారె, బఠాణీ కూర) తిని కాఫీ రుచి చూడడం దండగ. మసాలా, పచ్చిమిర్చి నాలుకను మొద్దు చేస్తాయి. పాన్ అంతకంటే అన్యాయం, సున్నం తగిలిన నోటికి అరగంట దాకా ఏ రుచీ సరిగా తెలియదు. కారం లేకుండా ఒక ఇడ్లీ, లేదా ఉత్త బ్రెడ్డు, ఒక గ్లాసు మంచినీళ్లు. తరవాత కాఫీ. వరసగా రెండు కొట్లు చూస్తుంటే మధ్యలో కనీసం 20 నిమిషాలు విరామం ఇవ్వండి.

ఒక్క రోజులో ఎన్ని కొట్లు చూడవచ్చు?

మూడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మి.గ్రా. మించకూడదు. 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా., ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 మి.గ్రా. ఉంటుంది. మూడు ఫిల్టరు కాఫీలకే కోటా అయిపోవచ్చు, మధ్యలో తాగే టీలు కూడా ఇందులోవే. భోజనానికి గంట ముందు, గంట తరవాత కాఫీ వద్దని కూడా ఆ సంస్థే చెబుతోంది, ఇనుము వంటబట్టకుండా అడ్డుపడుతుంది కనుక. గర్భిణులు, గుండెదడ ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ తిరుగుళ్లు పెట్టుకోవద్దు. గ్లాసు పూర్తిగా తాగాలని రూలేమీ లేదు, నాలుగు గుక్కలు చాలు.

ధరలు ఎలా పోల్చాలి?

గ్లాసు ధర చూసి కాదు. ఉదాహరణకు హోటల్లో 90 మి.లీ. గ్లాసు 15 రూపాయలు, కెఫేలో 180 మి.లీ. కాపుచినో 90 రూపాయలు అనుకుందాం. 100 మి.లీ.కి లెక్కేస్తే ఒకటి 17 లోపు, ఇంకోటి 50. మూడు రెట్లు. కానీ గ్లాసులో పడ్డ పొడి 6 గ్రాములు, కాపుచినోలో 18 గ్రాములు అయితే, గ్రాముకి రెండున్నర రూపాయలు, ఐదు రూపాయలు. తేడా రెండు రెట్లకు దిగింది. ఆ మిగతా డబ్బు కుర్చీకి, ఏసీకి, సాకెట్‌కి. అవి మీకు అక్కర్లేకపోతే ఇవ్వక్కర్లేదు.

కొలత తెలియాలంటే ఒకసారి పార్సిల్ తెచ్చి ఇంట్లో తూచండి. కాఫీ 100 గ్రాములంటే ఇంచుమించు 100 మి.లీ. నురగకు బరువుండదు కనుక అసలు బండారం అక్కడే బయటపడుతుంది.

బిల్లులో ఏం చూడాలి?

మామూలు హోటలుకి జీఎస్టీ 5 శాతం. కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు తక్కువ శాతం పన్ను తామే కట్టే పద్ధతిలో) ఉన్న చిన్న కొట్టు మీ దగ్గర పన్ను విడిగా వసూలు చెయ్యకూడదు. సర్వీస్ చార్జిని అడక్కుండా బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది. తియ్యమని అడగండి, తియ్యకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను. బిల్లుమీదా గోడమీదా 14 అంకెల ఆహార భద్రతా నంబరు ఉండాలి.

పుస్తకంలో ఏం రాసుకోవాలి? పదికి ఎన్ని మార్కులు?

మార్కులు వెయ్యకండి. మూడో కొట్టు దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఏడున్నర అయిపోతాయి. తేదీ, వేళ, చెప్పిన పానీయం, ధర, తీపి లేని మొదటి గుక్కలో తోచిన ఒక మాట, చల్లారాక తోచిన ఒక మాట, పాల వాసన, ఆ పూట కలిపినవారు పెద్దాయనా కుర్రాడా. చివరిది సరదాకి రాయమనడం లేదు. చిన్న ఊళ్లలో కాఫీ రుచి కొట్టుది కాదు, కలిపే చేతిది. మాస్టరు సెలవుమీద ఊరెళ్తే అదే పొడి, అవే పాలు, వేరే కాఫీ.

ఆఖర్న ఒక్క వాక్యం: మళ్లీ వస్తే ఏ పూట వస్తాను?

నచ్చిన కొట్టులో పొడి కొనవచ్చా?

కొనవచ్చు, 100 లేదా 200 గ్రాములకు మించకుండా. ఇంట్లో ఫిల్టరు ఉందని చెప్పి దానికి తగ్గట్టు విసరమనండి. ఎస్‌ప్రెసోకి విసిరిన పొడి ఇంటి ఫిల్టరు చిల్లులను మూసేస్తుంది, నీళ్లు పైనే నిలబడిపోతాయి. గింజ వేయించి ఐదారు రోజులైతే మంచిది. నిన్ననే వేగినదైతే లోపలి వాయువు పోక డికాక్షన్ పొంగుతుంది. తెచ్చాక గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, తీసి పెట్టిన ప్రతిసారీ చెమ్మ పట్టి, పొడికి పక్కనున్న కూర వాసన కూడా అంటుకుంటుంది.